రెండో తొడుగు

పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరుతూ కూతురు తండ్రి ఎడమచేతికి దూది పెట్టి కుట్టిన తొడుగు వేసి, గుండీల డబ్బా ముందు పెట్టింది. పక్షవాతం వచ్చి, టైలరైన ఆయన కుడిచెయ్యి పడిపోయి మూడు నెలలు. రోజుకి రెండు గంటలు బాగున్న చేతిని కట్టేస్తేనే పడిపోయిన చెయ్యి పని నేర్చుకుంటుందని ఫిజియో అమ్మాయి చెప్పింది. అరవై గుండీలు ఒక్కొక్కటే తీసి పక్క డబ్బాలో వెయ్యాలి. తొడుగు కుట్టింది ఆయన భార్యే. తొడుగులంటే జతే కదా అని అలవాటుకొద్దీ రెండు కుట్టింది. రెండోది సొరుగులో ఊరికే పడి ఉంది.

కూతురు గేటు దాటగానే ఆవిడ ఆ తొడుగు ఊడదీసేది. మొదటివారం గుండీ నాలుగుసార్లు జారిపోతే ఆవిడే తీసి డబ్బాలో వేసింది, ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ కళ్ళు తడవడం ఆవిడ ఎరగదు. గుండె తరుక్కుపోయింది. అప్పట్నుంచి గుండీలన్నీ తానే చిటికెలో వేసేసి, ఫిజియో అమ్మాయి ఇచ్చిన సాధన కాగితం మీద టిక్కు పెట్టేస్తోంది. అన్నమూ తానే తినిపిస్తోంది. మహా ప్రేమ! ఆ ప్రేమ ఏం చేస్తోందో మాత్రం ఆవిడకి తట్టలేదు.

ఆ సాయంత్రం ఫిజియో అమ్మాయి ఆయన వేళ్ళు వంచి చూసి, కాగితం నిండా సాధన ఉన్నా చేతిలో ఏమీ కనపడడం లేదంది. ఇలాగే ఉంటే ఇక కత్తెర మీద ఆశ పెట్టుకోవద్దని గుమ్మం దగ్గర చెప్పి వెళ్ళింది.

కూతురు డబ్బా మూత తీసి చూసింది. చొక్కా గుండీలు ఒక కుప్ప, కోటు గుండీలు ఒక కుప్ప.

"నాన్న చెయ్యి ఇంకా ఇలా ఏరలేదు కదా, ఇవి ఎవరు ఏరారమ్మా?"

భర్త కొట్లో ఏళ్ళ తరబడి గుండీలు కుట్టిన చేతులు, తెలియకుండానే ఏరేశాయి. దొరికిపోయింది.

"ఆయన ఏడ్చారే. చూడలేకపోయాను."

"చూడలేక నాన్న చెయ్యి పోగొడతావా?"

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన మాట కూడదీసుకున్నారు.

"గుండీ పడిందని కాదు ఏడ్చింది. నేను తీసేలోపే నువ్వు తీసేశావు. ఇంక నావల్ల కాదని నువ్వే తేల్చేశావనుకున్నా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పరేం?"

"నువ్వు తినిపిస్తుంటే బాగుంది," అని తలదించుకున్నారు. తర్వాత కూతురితో, "సొరుగులో రెండోది ఉందిగా. అది మీ అమ్మకి వెయ్యి," అన్నారు.

ఆవిడ కుడిచెయ్యి చాపింది. తొడుగు వేయించుకుని, ఎడమచేతిని తొడకింద పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

కూతురు ఆయన ఎడమచేతికి కూడా తొడుగు వేసింది. ఆయన వేళ్ళలోంచి గుండీ జారింది. తొడుగులో ఆవిడ వేళ్ళు కదిలాయి. మళ్ళీ జారింది. ఇంకోటి బల్లకిందకి దొర్లింది. ఆవిడ లేవలేదు. ఏడోసారి గుండీ డబ్బాలో టక్కుమంది.

ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.