ఎర్ర టేపు చుట్టిన డబ్బా

“డబ్బాను ముట్టుకోవద్దు. అది ఎవరి చేతికి చేరుతుందో ఆ చేతిని పట్టుకో.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ సుబ్రహ్మణ్యేశ్వరరావు గొంతు పొడిగా వినిపించింది. హైదరాబాద్ విమానాశ్రయంలో రాజమండ్రి ఫ్లైట్ కోసం కూర్చున్న ఏజెంట్ దుర్గాశ్రీనివాస్ తన చేతిలోని పేపర్ కప్పు వైపు చూశాడు. పాలపొడి కలిపిన టీ. పైన తెల్లటి ఉండలు తేలుతున్నాయి. కువైట్‌లో బయలుదేరిన దగ్గర్నుంచి ఏ విమానం ఎక్కినా, ఎక్కడ దిగినా ఇదే. పాలపొడి టీ అంటే అతనికి పరమ అసహ్యం. కప్పు తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాడు.

“మళ్ళీ చెబుతున్నాను,” అన్నాడు చీఫ్. “విక్టర్ ముఠా తయారు చేసిన ప్రెషర్ కీ ఆ పాలపొడి డబ్బా అడుగున ఉంది. అగ్గిపెట్టె అంత వస్తువు. దాన్ని లాప్‌టాప్‌కు తగిలిస్తే కోనసీమ ఊళ్ళ కింద నుంచి వెళ్ళే గ్యాస్ పైప్‌లైన్ వాల్వులన్నీ వాడి చేతిలోకి వస్తాయి. ఈ సాయంత్రం కంట్రోల్ రూమ్‌లో షిఫ్ట్ మారేటప్పుడు ప్రెషర్ పెంచుతాడు. పైపు పగిలితే ఆ పైన ఉన్న ఊరు మిగలదు.”

“ఇక్కడే డబ్బా లాక్కుంటే?”

“రేపు ఇంకో డబ్బా వస్తుంది. ఇంకో అమాయకురాలు మోసుకొస్తుంది. విక్టర్ కావాలి మనకు. దిండి చుట్టుపక్కల ఎక్కడో ఉన్నాడు.”

ఆ అమాయకురాలు ఎదురు బెంచీ మీదే కూర్చుని ఉంది. పేరు వీరాయమ్మ. కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళి, సెలవు మీద రాజోలు దగ్గర సొంత ఊరికి వస్తోంది. గల్ఫ్ నుంచి ఎవరు ఊరికి బయలుదేరినా తోటివాళ్ళు తలో పొట్లం చేతిలో పెడతారు. మా అమ్మకు సెంటు, మా పిన్నికి పాలపొడి. కాదనడం ఈ మనుషులకు తెలియదు. తమ సామాను తగ్గించుకుని మరీ తెస్తారు.

ఆ సంగతి విక్టర్ ముఠా కనిపెట్టింది. పరాయి ఇంట్లో అంట్లు తోముకునే మనిషి మంచితనాన్ని చూసి, అందులో చావును దాచిపెట్టింది. దుర్గాశ్రీనివాస్ తన సర్వీసులో హంతకులను చూశాడు, దేశాన్ని అమ్మినవాళ్ళను చూశాడు. ఇంత రోత ఎప్పుడూ పుట్టలేదు. పైనున్న భగవంతుడు ఇదంతా చూస్తూనే ఉంటాడా? లేక చూడలేక ఆయన కూడా ఒక్కోసారి మొహం తిప్పుకుంటాడా?

“ట్రావెల్ ప్లాన్ పంపించాం,” అన్నాడు చీఫ్. “రాజమండ్రి ఎయిర్‌పోర్ట్ నుంచి దిండికి మూడు ఆప్షన్లు.”

అతను ఫోన్ తెరిచాడు. ప్లాన్ ఎ: హైవే, రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం, రాజోలు. బాగానే ఉంది. ప్లాన్ బి: రాజోలు దాటాక కాలువగట్టు రోడ్డు. ‘శాటిలైట్ చిత్రంలో పూర్తిగా ఖాళీ. అత్యవసరంలో వేగంగా వెళ్ళవచ్చు.’ ప్లాన్ సి: కార్లను ఎక్కించుకునే పంటు పడవ మీద నదిని దాటడం. వంతెన వచ్చాక ఆ రేవులో పంటు ఏనాడో ఆగిపోయింది. ఇది తయారు చేసినవాడు గోదావరిని మ్యాపులో నీలం గీతగా తప్ప చూసి ఉండడు. నిద్రలేని కళ్ళు మండాయి. ఫోన్ మూసేశాడు.

“కారు?”

“వాణి తెస్తుంది. మన లోకల్ కాంటాక్ట్. రిసార్ట్ మేనేజర్ వేషం. ప్లాన్ కాపీ ఆమెకూ పంపించాం.”

అతని వేషం ఏసీ మెకానిక్. కువైట్‌లో చెకిన్ దగ్గర వీరాయమ్మ అట్టపెట్టె బరువెక్కువై విప్పాల్సి వచ్చినప్పుడు, మళ్ళీ సర్దడానికి సాయం చేసి, పరిచయం చేసుకున్నాడు. పెట్టెలో ఒకేలాంటి పాలపొడి డబ్బాలు రెండున్నాయి. ఒకటి ఆమె అత్తగారికి. రెండోదానికి ఎర్ర టేపు చుట్టి ఉంది. ఎర్ర టేపు డబ్బా అడుగున గుండీ అంత ట్రాకర్ అంటించి, మళ్ళీ తాళ్ళు బిగించాడు.

*

రాజమండ్రి విమానాశ్రయం బయట వాణి నిలబడి ఉంది. చిలకాకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, ట్రాలీలు తోసుకొచ్చేవాళ్ళు ఆగి మరీ చూసే అందం.

“గోదారిలో నీళ్ళు తగ్గాయాండీ?” అడిగాడు కోడ్ ప్రకారం.

“తగ్గినా పడవలు ఆగలేదండీ,” అంది వాణి. తర్వాత పైకి, “దిండి వెళ్తున్నానండీ. దారిలో దింపేస్తాను. అక్కగారు కూడా ఎక్కొచ్చు.”

కారు తలుపు తీయగానే వాసన గుప్పుమంది. ఎవరో ఎండు రొయ్యలు మోసిన కారులో మల్లెపూల స్ప్రే కొట్టారు. రెండు వాసనలూ ఒకదాన్నొకటి జయించలేక కలిసి కాపురం చేస్తున్నాయి. ముక్కు మూసుకుని, విసుగులో వీరాయమ్మ అట్టపెట్టెను ఎత్తి కారు పైకి విసిరాడు. అది జారింది. మూల సిమెంటు మీద ఠంగుమని తగిలింది.

“అయ్యో తమ్ముడూ!” వీరాయమ్మ గుండె పట్టుకుంది. “అందులో పరాయి సొమ్ము ఉందయ్యా! నీకేమన్నా పూనిందా? బస్తాలెత్తినట్టు ఎత్తేస్తున్నావు!”

“తప్పయిపోయిందండీ అక్కా.”

“మెకానిక్కంట, మెకానిక్కు! నువ్వు బిగించిన ఏసీ కింద కూర్చున్నోళ్ళని ఆ దేవుడే కాపాడాలి.”

నల్ల కళ్ళద్దాల వెనక వాణి కళ్ళు పెట్టె మీదే ఉన్నాయి. అది అతను గమనించాడు. ముఠాను కనిపెట్టి ఉండటం ఆమె పని కదా అనుకున్నాడు.

రావులపాలెం వంతెన మీద వీరాయమ్మ కారు నెమ్మదిగా పోనిమ్మని, కిటికీలోంచి గోదావరికి దణ్ణం పెట్టి రూపాయి బిళ్ళ వేసింది.

“అల్లంత దూరం నుంచి క్షేమంగా తెచ్చేవు తల్లీ,” అంది.

“ఆ రూపాయి చేపలు తింటాయా?” వాణి నవ్వింది.

“ఏమోనమ్మా. ఇచ్చేది మన చేతిలో ఉంది. తినేది వాటిష్టం.”

కొత్తపేట దాటాక వాణి అడిగింది. “ఆ ఎర్ర టేపు డబ్బా ఎవరిదండీ?”

పెట్టెకు తాళ్ళు కట్టి ఉన్నాయి. లోపల ఎర్ర టేపు ఉన్నట్టు ఈమెకు ఎవరు చెప్పారు? చీఫ్ చెప్పి ఉంటాడా? దుర్గాశ్రీనివాస్ బుర్రలో చిన్న గంట మోగింది. కానీ ఆ బుర్ర రెండు రాత్రులుగా నిద్ర ఎరుగదు. గంట మోగి, దానంతట అదే ఆగిపోయింది.

“మా పక్కింట్లో పనిచేసే పిల్లదండీ,” అంది వీరాయమ్మ అమాయకంగా. “వాళ్ళ పిన్నికి ఆయాసమంట. మనిషొచ్చి తీసుకెళ్తారంది. ఒక డబ్బాకి మనిషి రావడమేంటో, నేనే ఇచ్చొద్దును కదా!”

*

వీరాయమ్మ ఇల్లు కొబ్బరితోటల మధ్య పెంకుటిల్లు. వీధి అంచున ‘గ్యాస్ లైన్, తవ్వరాదు’ అని రాసిన పసుపు స్తంభం ఉంది. దానికి గేదెను కట్టేశారు. గేదె నింపాదిగా నెమరేస్తోంది. దాని కాళ్ళ కిందే పైపు ఉంది.

వాణి అతని చెవి దగ్గరికి వచ్చింది. “డబ్బా తీసుకునేవాడు కాలువ వైపు నుంచి వస్తున్నాడని కబురు. మీరు అటు కాపలా కాయండి. ఇటు నేను చూస్తాను.”

అతను కాలువగట్టుకు వెళ్ళి కొబ్బరి బోదెల చాటున నక్కాడు. ఎవరూ రాలేదు. ఎర్ర చీమలు మాత్రం చొక్కాలోకి వచ్చాయి. చాలాసేపటికి కారు స్టార్ట్ అయిన చప్పుడు. పరుగెత్తుకొచ్చేసరికి వీధిలో దుమ్ము తప్ప ఏమీ లేదు.

బుర్రలో ఇందాకటి గంట ఇప్పుడు గట్టిగా మోగింది. వాణి! జీతం ఇక్కడ, విశ్వాసం అక్కడ.

“అక్కా! డబ్బా ఇచ్చేశారా?”

“ఆయ్, ఇచ్చేశాను. ఆవిడే ఆ పిన్నిగారి మనిషంట, నువ్వటెళ్ళాక చెప్పింది. కారులో చెప్పొచ్చుగా మరి? అది కాదు తమ్ముడూ, ఆ డబ్బా నేను...”

అతను వినలేదు. ట్రాకర్ తెరిచి చూస్తున్నాడు. ఎర్ర చుక్క కదలకుండా వీరాయమ్మ ఇంటి మీదే వెలుగుతోంది. కారు వెళ్ళిపోయింది, చుక్క మాత్రం ఇక్కడే కూర్చుంది. తక్కువ టెండరు వేసినవాడికి ట్రాకర్ల కాంట్రాక్టు ఇస్తే ఇంతే. నోటికొచ్చిన తిట్టు వీరాయమ్మ ఉందని మింగేశాడు.

కొబ్బరికాయల బస్తాతో ఒక మోపెడ్ వస్తోంది. చేతులు చాచి ఆపాడు.

“దిండి! ప్రాణాల మీదికొచ్చింది!”

దాన్ని నడుపుతున్న అంజిబాబు అనే ఆసామి అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు. “ఆయ్, ఎక్కండి. బస్తా మీద కూర్చోండి. కాయలు గుచ్చుకుంటాయి, ఏమనుకోకండే.”

రోడ్డు మీద ప్రతి గుంతా అతని నడుముకు తెలిసింది. షిఫ్ట్ మారే సమయం దగ్గర పడుతోంది. పసుపు స్తంభం, గేదె, వీరాయమ్మ, ఇంటిలో ఆమె అత్తగారు... దేవుడా, నా తెలివితక్కువకు వాళ్ళను బలి చేయకు అనుకున్నాడు. రాజోలు దాటాక కాలువగట్టు రోడ్డు మీద చిలకాకుపచ్చ చీర కనిపించింది. వాణి హెడ్డాఫీసు వారి ప్లాన్ బి నమ్ముకుంది! కోతల రోజులు. గట్టు పొడవునా ధాన్యం ఆరబోసి ఉంది. రైతులు కారు ముందు నిలబడి చేతులు ఊపుతున్నారు.

“ధాన్యం మీంచి పోనిస్తావా తల్లీ! తినేది అన్నమేనా?” అని ఒక ముసలాయన కేకలేస్తున్నాడు.

వాణి కారు వదిలేసి, డబ్బా చంకన పెట్టుకుని, పట్టుచీర ఎగగట్టి దిండి వైపు పరుగెత్తింది. ధాన్యం మీంచి మోపెడ్ కూడా పోదు; మళ్ళీ మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగితే గాని దిండి పడవల రేవుకు చేరదు. చీఫ్‌కు ఒక్క ముక్క చెప్పాడు. “వాణి వాళ్ళ మనిషి. పోలీసు లాంచ్ పంపండి.”

*

కొబ్బరిచెట్ల నీడలో హౌస్‌బోట్ కట్టేసి ఉంది. చిలకాకుపచ్చ చీర అందులోకి దూరడం చూసి, దుర్గాశ్రీనివాస్ రేవులోంచి డెక్ మీదికి దూకాడు. లోపల లాప్‌టాప్ తెరిచి ఉంది. తెర మీద పైప్‌లైన్ మ్యాపు. నిక్కరు వేసుకుని, ఎండకు కమిలిపోయిన తెల్లదొర విక్టర్ డబ్బా మూత పీకాడు.

“కదలకండి!” అని దుర్గాశ్రీనివాస్ అరిచాడు.

వాణి చేతిలో పిస్టల్ లేచింది. అతను జేబులోని పెన్ను నొక్కాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన వస్తువుల్లో ఇదొక్కటైనా పనిచేసింది. పెన్నులోంచి దూసుకెళ్ళిన సూది వాణి మణికట్టులో దిగింది. పిస్టల్ నీళ్ళలో పడింది.

విక్టర్ అతన్ని చూసి కూడా ఆగలేదు. డబ్బాను లాప్‌టాప్ పక్కన బోర్లించాడు. తెల్లటి పొడి కుప్పగా పడింది. రెండు చేతులతో కెలికాడు. ఏమీ లేదు. డబ్బాను ఊపాడు. అడుగు మీద గుద్దాడు. మళ్ళీ కెలికాడు. పైపుల మ్యాపు మీద ‘కీ కనెక్ట్ చేయండి’ అన్న అక్షరాలు మిణుకుమిణుకుమంటున్నాయి. షిఫ్ట్ మారేదాకా తెర మూలన లెక్కపెడుతున్న గడియారం సున్నాకు వచ్చింది. తెర నల్లబడింది.

గోదావరి మీంచి ఒక గాలి తెర వచ్చి పాలపొడినంతా లేపింది. ముగ్గురి మొహాలూ తెల్లగా అయ్యాయి. ముగ్గురూ దగ్గారు. దుర్గాశ్రీనివాస్ నోట్లో నిండా అదే రుచి.

“నువ్వే మార్చావు!” మణికట్టు పట్టుకుని వాణి బుసకొట్టింది.

“నేను మార్చలేదు,” అన్నాడతను నిజాయితీగా. “ముట్టుకోవద్దని ఆర్డర్.”

లాంచ్ వచ్చి ఇద్దరినీ ఎక్కించుకుపోయింది. అతను ట్రాకర్ తీసి చూశాడు. ఎర్ర చుక్క ఇప్పటికీ వీరాయమ్మ ఇంటి మీదే ఉంది. ఈసారి దాన్ని తిట్టలేదు.

*

అరుగు మీద వీరాయమ్మ, అత్తగారు పైడమ్మ కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒక పాలపొడి డబ్బా. మూలన లోతుగా సొట్ట పడి ఉంది. టేపు లేదు.

“ఇందాకట్నుంచి చెబుదామంటే వింటేనా?” అంది వీరాయమ్మ నేరం చేసినదానిలా. “నువ్వు విసిరేస్తే వాళ్ళ డబ్బాకి సొట్ట పడిపోయింది. ఒకరు నమ్మి ఇచ్చింది సొట్టతో ఎలా ఇస్తాం? తప్పు కదా. అందుకని ఆ ఎర్ర టేపు ఊడదీసి, మా అత్తగారి కోసం తెచ్చిన మంచి డబ్బాకి చుట్టి ఇచ్చేశాను. సొట్టది మేం ఉంచుకున్నాం. ఆవిడకి చెప్పలేదు. చెబితే మొహమాటపడతారుగా.”

అతను సొట్ట డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. “ఇందులో... అడుగున ఏమన్నా ఉందా అక్కా?”

“ఉంది! స్పూను తగిలింది. రేకులో చుట్టిన బిళ్ళ. బంగారమేమో, పాపం ఆ పిల్ల కష్టార్జితమేమో అని భయమేసింది. తుడిచి దేవుడి గూట్లో పెట్టాను. రేపు ఆ పిల్లకి ఫోన్ చేసి, ఎవరిది వాళ్ళకి అప్పజెబుదామని.”

గూట్లో చిన్న దీపం. వెంకటేశ్వరస్వామి పటం ముందు, పసుపు కుంకాల పక్కన, ఊళ్ళను తగలబెట్టగల వస్తువు బుద్ధిగా కూర్చుని ఉంది. దుర్గాశ్రీనివాస్ చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, దణ్ణం పెట్టి దాన్ని తీసుకున్నాడు. కార్డు చూపించి, తాను గవర్నమెంటు మనిషినని, చెప్పగలిగినంత చెప్పాడు. ఆ పిల్లకు పిన్నీ లేదు, ఆయాసమూ లేదు అన్నాడు. వీరాయమ్మ మొహం ముడుచుకుంది.

“ఛీ! జబ్బు పేరు చెప్పి మోసమా!” అంది. ఆ ‘ఛీ’లో అతని రోజంతటి రోతా ఇమిడిపోయింది.

ఫోన్ మోగింది. “డివైస్ ఎలా ఉంది?” చీఫ్.

“శుభ్రంగా తుడిచి ఉంది సార్. రిపోర్టులో ఏం రాయమంటారు? సామాను విసిరేయడం వల్ల కుట్ర భగ్నమైందనా?”

చీఫ్ మాట మార్చాడు. “తిరుగు ప్రయాణానికి ప్లాన్ పంపిస్తున్నాం. మూడు ఆప్షన్లు.”

ఫోన్ కట్ చేశాడు. పైడమ్మ గాజు గ్లాసు అందించింది. “తాగండి నాయనా, ఎండన పడొచ్చేరు. కువైట్ పాలపొడి టీయండి ఇది. మా కోడలు తెచ్చింది.”

పైన తెల్లటి ఉండలు తేలుతున్నాయి. అతను కళ్ళు మూసుకుని గ్లాసు ఖాళీ చేశాడు.

“ఇంకాస్త పోయమంటారా?” అంది పైడమ్మ.

వీధి అంచున గేదె నెమరేస్తోంది. దాని కాళ్ళ కింద పైపు చల్లగా, చడీచప్పుడు లేకుండా ఉంది.

“పొయ్యండమ్మా,” అన్నాడు దుర్గాశ్రీనివాస్, గ్లాసు చాపుతూ.