దారం లేని సూది

"పేలని నక్షత్రాన్ని పేలిందని ప్రపంచాన్ని నమ్మించబోతున్నారు," అన్నాడు చీఫ్ ధర్మలింగం. "దాన్ని ఆపాల్సింది నువ్వు."

ఏజెంట్ వెంకట్రామ్ చేతిలోని కాఫీ గ్లాసు పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది. వ్యాసర్పాడి రైల్వే యార్డు వెనక, పాత ఇనుప సామాను గోడౌన్ పై అంతస్తులో వాళ్ళ ఆఫీసు. కింద గూడ్సు బండి కదిలితే పైన కుర్చీలు కదులుతాయి. తన సర్వీసులో దొంగ నోట్లు చూశాడు, దొంగ పాస్‌పోర్టులు చూశాడు. దొంగ నక్షత్రం మాట వినడం ఇదే మొదలు.

"కొంచెం అర్థమయ్యేలా చెప్పండి సార్."

"పెద్ద నక్షత్రం పేలితే వెలుతురు బయటపడేదానికి గంటలు పడుతుంది. న్యూట్రినోలని ఉండాయి, అవి ముందే బయల్దేరతాయి. కొండనైనా దూరి పోతాయి. అందుకే వాటిని పట్టేదానికి డిటెక్టర్ అని, ఒక పాత గని అడుగున, పెద్ద నీళ్ళ ట్యాంకు కట్టి లోపలంతా గాజు కళ్ళు పెట్టినారు. కోటానుకోట్ల న్యూట్రినోల్లో ఏదో ఒకటి నీళ్ళకు తగులుతుంది. చిన్న మెరుపు. దాని వెనకే, రెప్పపాటు కూడా కాకముందే, ఇంకో మెరుపు. ఆ డిటెక్టర్ వాళ్ళు మొదటిదాన్ని సూది అంటారు, రెండోదాన్ని దారం. పది సెకన్లలో అట్లాంటి జతలు వందలు వచ్చినాయా, సూపర్‌నోవా అలర్ట్! ప్రపంచంలో టెలిస్కోపులన్నీ తమంతట తామే అటు తిరుగుతాయి."

"మన ఉపగ్రహాలకు కాపలా కాసేవి కూడానా?"

"అదే దా సంగతి. ఆ కాసేపట్లో పరాయి ఉపగ్రహం ఒకటి మనదాని పక్కకు జరిగి, దాన్ని గుడ్డిది చేసేస్తుంది. తుఫాను హెచ్చరికలు పోతాయి, నేవీ సిగ్నల్స్ పోతాయి. దొంగ మెరుపులు పుట్టించే పెట్టె పేరు 'మిణుగురు'. ట్యాంకులోకి ఎప్పుడో చేరిపోయింది. నీళ్ళు తోడి వెతకాలంటే నెల పడుతుంది."

"అలర్ట్ లైను పీకేస్తే?"

"అడిగినా. 'పంతొమ్మిది వందల ఎనభై ఏడు తర్వాత మనకు దగ్గర్లో ఒక్క నక్షత్రం పేలలేదు సార్, ఇప్పుడు నిజంగా పేలితే?' అని ఆ డిటెక్టర్ సైంటిస్టు ఏడ్చినంత పని చేసినాడు."

పెట్టె పెట్టింది డాక్టర్ రాగిణి. ఆ గాజు కళ్ళను పరీక్షించే నిపుణురాలు. ఆమె పట్టుచీరలో నడిచొస్తే గదిలో మాటలు ఆగిపోతాయి. మన రహస్యాలు ఈ కుట్ర పన్నిన ముఠాకు అమ్మింది, ముఠా రహస్యాలు మనకు అమ్ముతోంది. ఆమె అసలు ఎవరి మనిషో ఆమెకే తెలియాలి. దాడి ఎప్పుడన్నది ఈ సాయంత్రం పురసవాక్కంలోని ఒక బొత్తాల అంగడి ద్వారా తెలియజేస్తానంది.

ఆ అంగడి వాసవాంబది. వెంకట్రామ్‌కు సొంత చిన్నమ్మ. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. ఆ అంగడిని డిపార్ట్‌మెంటుకు పోస్టు డబ్బాలా వాడుకుందామన్నది మాత్రం అతని ఆలోచనే. నిన్నటి నుంచి చిన్నమ్మ ఫోన్ ఎత్తడం లేదు.

వీధి దీపాలు వెలిగే వేళకు, మెడలో టేపుతో టైలర్ వేషంలో వెంకట్రామ్ అంగడి మెట్లెక్కాడు. దేవుడి పటం ముందు దీపం వెలుగుతోంది. గల్లా వెనక కొత్త మనిషి.

"ఓనరమ్మ లేదా అన్నా?"

"తిరుత్తణి పోయింది. నేను ఈడ కొత్తగా చేరినా. ఆనంద్‌రాజ్. ఏం కావాలి?"

"సూది."

"ఒకటా, ప్యాకెట్టా?" నవ్వుతూ ప్యాకెట్టు తీసి ఇచ్చాడు ఆనంద్‌రాజ్.

వెంకట్రామ్ దాన్ని జేబులో వేసుకున్నాడు. దీపం పెట్టాక సూది అమ్మితే లక్ష్మి వెళ్ళిపోతుందని ఆ వరసలో అంగళ్ళన్నిటికీ పట్టింపు. చిన్నమ్మ అయితే ఆ మాట ఎత్తినవాణ్ణి కూడా మెట్లు దింపేస్తుంది. పనికి చేరినవాళ్ళకు ఆమె నేర్పే మొదటి పాఠమే అది. అందుకే కోడ్ కూడా అదే పెట్టుకున్నారు: చీకటి పడ్డాక సూది అడగాలి, తిట్లు తినాలి. తిట్టకుండా సూది చేతిలో పెట్టాడంటే, వీడు చిన్నమ్మ దగ్గర ఒక్క సాయంత్రం కూడా పని చేసినవాడు కాదు. మరి చిన్నమ్మ ఏమైంది?

గల్లా దూకి వాడి గొంతు పట్టుకోవాలనిపించింది. నిగ్రహించుకుని, జేబులోంచి ఒక చొక్కా బొత్తం తీశాడు. "ఇట్లాంటివి ఆరు చూసిపెట్టన్నా. నమూనా నీ దగ్గరే ఉంచు, రేపొస్తా."

ఆనంద్‌రాజ్ దాన్ని జేబులో వేసుకున్నాడు. అందులో ట్రాన్స్‌మిటర్ ఉంది.

కాసేపటికే ఫోన్ తెర మీద ఎర్రచుక్క ఎన్నూరు వైపు కదిలింది. లారీల వెనక, బొగ్గుదుమ్ములో, వెంకట్రామ్ బైకు దాన్ని వెంబడించింది. చుక్క అక్కడి ఉప్పుటేరు, ఎన్నూరు క్రీక్, ఒడ్డున మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ దగ్గర ఆగింది. ఆనంద్‌రాజ్ బండి స్టాండు వేసేలోగా మెడ మీద ఒక్క దెబ్బ పడింది. వాడి జాకెట్టు, హెల్మెట్టు తగిలించుకుని వెంకట్రామ్ లోపలికి నడిచాడు.

వాసవాంబ కుర్చీకి కట్టేసి ఉంది. ఒక చెంప పూర్తిగా వాచిపోయింది. ఆమె కణతకు పిస్టల్ ఆనించి నిలబడ్డాడొక విదేశీయుడు. ముఠాలో అతన్ని కెప్టెన్ అంటారు. ఎడమచేతి వేలు లాప్‌టాప్ మీద సిద్ధంగా ఉంది. పక్కనే రాగిణి.

"షాప్ క్లోజ్డ్?" అన్నాడు కెప్టెన్.

హెల్మెట్టు ఊగింది.

"గుడ్. ఈమె అంగడి నుంచి మన కబుర్లు బయటికి పోతున్నాయి. ఎవరు చేరవేస్తున్నారో ఇంకా చెప్పలేదు," అన్నాడు ఇంగ్లీషులో. "ఏ చిన్న తేడా వచ్చినా మొదటి గుండు ఈమెకే."

వెంకట్రామ్ చెయ్యి జాకెట్టు లోపల రివాల్వర్ మీద ఉంది. కాలిస్తే కెప్టెన్ పడతాడు. పడుతూ పడుతూ ట్రిగ్గర్ నొక్కుతాడు. చిన్నమ్మ మిగలదు.

రాగిణి చూపు జాకెట్టు అంచున వేలాడుతున్న టైలర్ టేపు మీద పడింది. ఆమె ముఖం మారలేదు. పనివాడికి టీ తెమ్మని చెప్పినంత విసుగ్గా తెలుగులో అంది: "అన్నీ సూదులు దా. దారం వెయ్యలే. నొక్కనీ."

కెప్టెన్‌కు తెలుగు రాదు. చెవిలోని ఇయర్‌పీస్‌లో వింటున్న ధర్మలింగానికి వచ్చు. "నమ్మొద్దు వెంకట్రామ్! కాల్చెయ్. ఇది ఆర్డర్!"

ఆమె అబద్ధమాడుతుంటే, రేపు హెచ్చరిక లేకుండా ఎన్ని పడవలు తుఫానులోకి పోతాయో! వెంకట్రామ్ చిన్నమ్మ వైపు చూశాడు. ఆ వాచిన చెంపే అతనికి జవాబు చెప్పింది. రాగిణి పేరు బయటపెట్టనందుకు తగిలిన దెబ్బ అది. చిన్నమ్మ అంతగా కాపాడిన మనిషిని తానూ నమ్మాలి. చేయి కదపలేదు.

కెప్టెన్ కీ నొక్కాడు.

"మెరుపులు వస్తా ఉండాయి!" చెవిలో, డిటెక్టర్ లెక్కలు చూస్తున్న ధర్మలింగం గొంతు చీలిపోయింది. "యాభై... నూరు... నూటెనభై! టెలిస్కోపులు తిరిగితే ఆ పాపం నీదే!"

ఆ పది సెకన్లలో వెంకట్రామ్ జీవితంలో ఎప్పుడూ పడనంత భయపడ్డాడు.

"మెరుపులు ఆగిపోయినాయి. కంప్యూటర్ అన్నిట్నీ కొట్టేసింది. దేని వెనకా రెండో మెరుపు లేదంట. టెలిస్కోపులు కదల్లేదు. పరాయి ఉపగ్రహం మనదాని పక్కకు వస్తా ఫోటోతో సహా దొరికిపోయింది!" అన్నాడు ధర్మలింగం.

"వేర్ ఈజ్ ద అలర్ట్?" కెప్టెన్ అరిచాడు.

"రాదు," ఇంగ్లీషులో నవ్వుతూ చెప్పింది రాగిణి. "ఎవరని అడుగుతున్నావు కదా. నేనే."

పిస్టల్ వాసవాంబ కణత వదిలి రాగిణి వైపు తిరిగింది. ఆమెకు కావలసిందీ అదే. రెండు తుపాకులు ఒకేసారి పేలాయి. కెప్టెన్ లాప్‌టాప్ మీద పడ్డాడు. రాగిణి గోడకు జారగిలబడింది.

వెంకట్రామ్ పరుగెత్తి ఆమె తల ఒడిలోకి తీసుకున్నాడు.

"మీ డిపార్ట్‌మెంట్ కోసం కాదు," అంది ఆమె, కష్టపడి. "నిన్నంతా కొట్టినారు ఆమెను. నా పేరు చెప్పలే. నా పేరు కోసం ఎవరైనా దెబ్బలు తింటారని నాకు తెలీదు."

ఆమె తల ఒక పక్కకు వాలిపోయింది.

"రిపోర్టులో ఏం రాద్దాం? డబుల్ ఏజెంట్ అనే దా?" చెవిలో అడిగాడు ధర్మలింగం. వెంకట్రామ్ ఇయర్‌పీస్ పీకి కిటికీలోంచి క్రీక్‌లోకి విసిరేశాడు.

కట్లు విప్పగానే వాసవాంబ వచ్చి రాగిణి కళ్ళు మూసింది. చాలాసేపు ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. ఏడుపు ఆగక ముఖం తుడుచుకునేదానికి గుడ్డ అడిగితే, వెంకట్రామ్ రుమాలు తీశాడు. దాంతోపాటు సూదుల ప్యాకెట్టు కింద పడింది.

చిన్నమ్మ దాన్ని తీసి దీపపు వెలుగులో తిప్పి చూసింది.

"ఇది మన అంగట్లోది కదరా. ఎప్పుడు కొన్నావు?"

"ఇందాక చిన్నమ్మా. సాయంత్రం."

"దీపం పెట్టినంకనా?" తడిసిన కళ్ళతోనే ఆమె లేచి నిలబడింది. "ఎవుడ్రా అమ్మింది?"

బయట, అప్పుడే వచ్చిన డిపార్ట్‌మెంటు మనుషుల మధ్య బేడీలతో వ్యానెక్కబోతున్న ఆనంద్‌రాజ్ వైపు వేలు చూపించాడు వెంకట్రామ్. చిన్నమ్మ కొంగు దోపుకుని అటు నడిచింది. ఉరిశిక్ష మాట చెప్పినా చలించని ఆ మనిషి, తనంతట తానే వ్యానెక్కి లోపల్నుంచి తలుపు లాక్కున్నాడు.