విన్నవారి ఓటు

పలుకు తల్లివి నీవమ్మ! భక్తి గొలుతు;
వినెడి చెవులకు వెలుగైన వేల్పు వీవు;
చదువు రానట్టి వారికిన్ చదువు వచ్చు
వారి కొకరీతి కరుణించు వాణి! కావు.

ఆ తల్లికి మ్రొక్కి, కృష్ణ ఒడ్డున జరిగిన ఒక చిన్న ప్రేమకథ చెబుతాను. ఇందులో యుద్ధాలు లేవు, శాపాలు లేవు. ఉన్నవి నూటపన్నెండు కాగితాలు, ఒక ఎర్ర సిరా కలం. వాటి మధ్య ఒక పిరికివాడు. ఆ పిరికివాడి పేరు ఇష్తియాక్.

భవానీపురంలో తల్లితో కలిసి ఉండేవాడు. ఒక బిల్డర్ దగ్గర ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగం. చిన్ననాటి నుంచీ సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణం. బెజవాడలో ‘రేపటి కథ సంఘం’ అని ఒకటి ఉంది. ఏటా తెలుగులో వెలువడిన సైన్స్ ఫిక్షన్ కథలలో ఐదింటిని ఏరి, పాఠకుల ఓటుతో ఒకదానికి పురస్కారం ఇస్తుంది. పాఠకులంటే నలభై మంది. అందరూ రిటైరైన ఇంజినీర్లు, లెక్చరర్లు; అందరూ మగవారే; ఏటేటా ఆ నలభై మందే.

ఈ లోటు అధ్యక్షులు బసవపున్నయ్య గారిని చాలాకాలంగా తొలుస్తోంది. ఈ ఏడు ఆయన పట్టుబట్టి, ఐదు కథలూ చదివిన వారెవరైనా సభ్యత్వంతో నిమిత్తం లేకుండా ఓటు వేయవచ్చని తీర్మానం చేయించారు. నిరుడే సంఘంలో చేరిన ఇష్తియాక్‌ను ఓట్ల పరిశీలకుడిగా నియమించారు. ఆయన ఏ కాగితం వచ్చినా కళ్ళద్దాలు సవరించుకుని, ‘నువ్వు చదువు అబ్బాయ్, నీ గొంతు బాగుంటుంది’ అనేవారు. ఇష్తియాక్ దాన్ని మెచ్చుకోలు అనుకునేవాడు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, వీధి కనబడనంత వానలో, సంఘం గదిలోకి ఒక అమ్మాయి గొడుగు ముడుస్తూ వచ్చింది. గొడుగు నీళ్ళన్నీ అతను ఆరబెట్టుకున్న కరపత్రాల మీద పడ్డాయి. క్షమాపణ చెప్పకపోగా, తడిసిన కరపత్రమొకటి ఎత్తి, ఓట్ల పరిశీలకుడిగా అతని ఫోటో ఉన్న అడుగు దాకా చదివింది.

“రేపటి కథలకు ఓటు వేసే వాళ్ళలో ఒక్కరికైనా నల్ల జుట్టు లేదేమండీ?” అంది, గోడమీది గ్రూప్ ఫోటో చూస్తూ.

“నాకుందిగా.”

“మీరు ఓటు వేయరుగా. లెక్కపెడతారు.”

అతనికి కోపం రావలసింది. రాలేదు. ఆమె చెంపమీద ఒక వానచుక్క జారాలా వద్దా అని ఆలోచిస్తోంది. అతను దాన్నే చూస్తూ జవాబు మరచిపోయాడు. ఆమె పేరు ముబీనా. రెండు వీధుల అవతల ఆమె పెద్దమ్మ కుల్సుం మగ్గం వర్క్ చేయించే గది నడుపుతోంది. చెక్క చట్రానికి బిగించిన పట్టుగుడ్డ చుట్టూ పది పన్నెండు మంది ఆడవాళ్ళు కూర్చుని పెళ్ళి జాకెట్లకు జరీ, పూసలు కుడతారు. చేతులకూ కళ్ళకూ తీరిక ఉండదు. చెవులు మాత్రం ఖాళీ. ఆ చెవుల కోసం ముబీనా తన సూది పక్కన పెట్టి, రోజూ ఒంటిగంట నుంచి మూడింటి దాకా కథలు చదువుతుంది. చదివింది ఫోన్‌లో రికార్డు చేసి కంకిపాడు, ఉయ్యూరులలోని మగ్గం గదులకు కూడా పంపుతుంది. వాళ్ళందరికీ ఓటు ఉందా అని అడగడానికే వచ్చింది.

ఉందన్నాడు ఇష్తియాక్. ఇంతకాలం సంఘం ఎదురుచూసింది వీళ్ళ కోసమేనని కూడా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని మనసులో కల్మషం లేదు. అందుకే ఆ తరువాత జరిగింది మరీ దుస్సహం.

శ్రావణంలో ముబీనాకు గొంతు పూడుకుపోయింది. కథ ఆగరాదు గనుక అతన్ని పిలిచింది. అతను వరండాలో, గది గుమ్మానికి కట్టిన తెర బయట కుర్చీ వేసుకుని చదివాడు. ఐదింటిలోనూ ఆ ఆడవాళ్ళకు నచ్చిన కథ ఒకటుంది: సముద్రం కంకిపాడు దాకా వచ్చేసిన కాలంలో, కాలువ నీళ్ళు రుచి చూసి ఉప్పు ఎంతో చెప్పే యంత్రం కథ. లోపల గుడ్డను పొడిచే సూదుల టకటక చినుకుల్లా వినబడుతూ ఉండేది. కథ పట్టుకున్న చోట ఆ చప్పుడు ఆగిపోయేది. సూదులు ఆగితే కథ నిలిచినట్టని ముబీనా చెప్పింది.

ఆ రోజు అతను చదివింది ఆ కథే; ముగిసేసరికి తెర వెనుక సూదులన్నీ ఆగి ఉన్నాయి. తరువాత కుల్సుం గొంతు వినబడింది. ఆ యంత్రానికి ఉప్పు తెలిసినప్పుడు ఆకలి కూడా తెలుస్తుందా అని ఆమె అడిగింది. తెలిస్తే మన జట్టులో చేర్చుకుందామని ఆమె పక్కనున్న తెరేసమ్మ అంది. అందరూ నవ్వారు. తెర అంచున ముబీనా చూపు ఒక్క క్షణం అతని మీద నిలిచింది, సూదికి దారం ఎక్కించేటప్పుడు నిలిచినంత జాగ్రత్తగా.

ఓటు కాగితాలు పంచింది కూడా ఇష్తియాకే. కాగితం కింద ఒక ప్రమాణం అచ్చయి ఉంటుంది: ‘పై ఐదు కథలనూ నేను స్వయంగా చదివాను.’ దాని కింద సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టాలి. పరిశీలకుడి హోదాలో అతను తెర ముందు నిలబడి, ప్రమాణం కింద అబద్ధానికి సంతకం పెడితే ఓటు చెడిపోతుందని, ఒకటికి రెండుసార్లు గట్టిగా చెప్పాడు. ఆ హెచ్చరికను వాళ్ళు ఎంత శ్రద్ధగా విన్నారో అతనికి అప్పుడు తెలియలేదు.

దసరా వెళ్ళిన మూడోనాడు లెక్కింపు. పెట్టెలోంచి మొదట నలభై కాగితాలు వచ్చాయి. ఆ తరువాత మూడు ఊళ్ళ మగ్గం గదుల నుంచి వచ్చిన నూటపన్నెండు. ప్రతి కాగితం మీదా ‘స్వయంగా చదివాను’ అన్న మాటలను గీతపెట్టి కొట్టేసి, పక్కన ‘శ్రద్ధగా విన్నాను’ అని రాసి ఉంది. రాయలేని వారికి ముబీనా రాసి పెట్టింది. పక్కన వారి వేలిముద్ర. ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు.

ప్రమాణంలో కొట్టివేత ఉన్న కాగితం చెల్లదని నియమం. బసవపున్నయ్య గారు నుదురు రుద్దుకుంటూ, తొందరేం లేదు, కాస్త ఆలోచిద్దామన్నారు. అప్పుడు సభ్యులు జక్కయ్య గారు నవ్వుతూ ఒక మాట అన్నారు. నవ్వుతూ అన్నారు గనుకే అది లోతుగా దిగింది.

“ఆలోచన ఎందుకండీ. అబ్బాయి తన వాళ్ళ ఓట్లు ఎలాగూ చెల్లుతాయనే అంటాడు.”

ఇష్తియాక్ చెవులు ఎర్రబడ్డాయి. పక్షపాతి అనిపించుకోవడం కంటే ఘోరం లేదనిపించింది ఆ ఘడియకు. అధ్యక్షులు వద్దంటున్నా వినకుండా ఎర్ర సిరా కలం తీసి, ఒక్కొక్క కాగితం మీదా ‘చెల్లదు’ అని రాశాడు. నూటపన్నెండుసార్లు రాశాడు. కుల్సుం వేలిముద్ర ఉన్న కాగితం వచ్చినప్పుడు చెయ్యి ఆగింది. ఆగి, రాసింది.

ఉప్పు యంత్రం కథకు రెండు ఓట్లు మిగిలాయి. ఇరవై ఆరు ఓట్లతో మరో కథ గెలిచింది. ఆ ఆదివారమే సభ జరిగి జ్ఞాపిక ఇవ్వడం కూడా అయిపోయింది.

మరునాడు ముబీనా వచ్చింది. వాన లేదు, గొడుగు లేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఆ కాగితాలు తిరిగి ఇప్పించండి. ఎర్ర సిరా కింద తన వేలిముద్ర ఉండకూడదంటోంది పెద్దమ్మ.”

“నియమం అలా ఉంది ముబీనా గారూ. నేను…”

“నియమం మీది కాదు, తెలుసు. కలం మీది.” ఆమె గొంతు పెరగలేదు. “మీరు వచ్చి చదివిన రోజు, మేం విన్నామా లేదా?”

“విన్నారు.”

“అయితే ఆ రోజు మీరు కథ మాకు చెప్పారా, గోడకు చెప్పారా?”

కాగితాలు ఏడాదిపాటు సంఘం బీరువాలో ఉండాలన్న మరో నియమం ఉంది. అది చెప్పాడు. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి నాకు మాటలు చాలవు. అతను ఆఫీసులో ఇళ్ళు గీస్తున్నాడు. గదులకు తలుపులు పెట్టడం మరచిపోతున్నాడు. సాయంత్రం బ్యారేజీ మీద నిలబడితే నిండుగా ఉన్న కృష్ణ కూడా ఎవరికీ చెందని నీళ్ళలా కనబడేది. మగ్గం గది ముందునుంచి వెళ్తే లోపల టకటకలు వినబడేవి, ఆగకుండా, రోజంతా. కథ లేదు గనుక ఆగవలసిన పని సూదులకు లేదు. ఉయ్యూరు, కంకిపాడు వాళ్ళు ముబీనా ఫోన్‌కు జవాబివ్వడం మానేశారని తెరేసమ్మ ద్వారా తెలిసింది. మన చెవులు వాళ్ళకు పనికిరావన్నారట. ఎన్నో ఏళ్ళ తరువాత తెరుచుకున్న ఒక తలుపును అతను తన చేతులతోనే మూశాడు. ముబీనాకు నాలుగు ఉత్తరాలు రాశాడు. ఒక్కటీ పంపలేదు.

కార్తీకంలో సంఘం సమావేశమైంది. ఇష్తియాక్ రాజీనామా పత్రం అధ్యక్షుల ముందు పెట్టాడు. ఆయన ఎప్పటిలాగే కళ్ళద్దాలు సవరించుకుని, ‘నువ్వు చదువు అబ్బాయ్’ అన్నారు. అతను చదివాడు. న్యాయంగా కనబడాలన్న భయంతో తాను అన్యాయం చేశానని, ఆ నూటపన్నెండు మంది రాసిన నిజాన్ని చెల్లదని తానే రాశానని అందులో ఉంది.

బసవపున్నయ్య గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. అప్పుడు ఆయన అన్న మాటలు అందరి తలలూ దించాయి.

“నాకు అక్షరాలు కనబడి మూడేళ్ళయింది. ఐదు కథలూ మా కోడలు చదివి వినిపిస్తుంది. ఈ ఏడు కూడా ‘స్వయంగా చదివాను’ అన్న చోట ఆమె వేలు పెట్టి చూపిస్తే సంతకం చేశాను. వాళ్ళు నిజం రాశారు, ఓటు పోయింది. నేను అబద్ధం రాశాను, చెల్లింది. అబ్బాయ్, నీ ఎర్ర కలం ఇంకా ఉందా?”

ఇష్తియాక్ కలం ఆయన చేతికిచ్చి, బీరువాలోంచి ఆయన కాగితాన్ని వెతికి తీశాడు. ఆయన తడుముకుంటూ తానే ‘చెల్లదు’ అని వంకరగా రాసుకున్నారు. వేదాన్ని మన పెద్దలు శ్రుతి అన్నారనీ, అంటే విన్నదనీ, అది మరచి తాను కాగితాన్ని పట్టుకు కూర్చున్నాననీ తనలో తాను అనుకున్నట్టు అన్నారు. జక్కయ్య గారు కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయారు. ప్రమాణంలో ‘చదివాను లేదా విన్నాను’ అని మార్చాలని తీర్మానమైంది. అయితే అది వచ్చే ఏడాదికి. ఇచ్చిన పురస్కారం తిరిగి రాదు. పోయిన ఓట్లు పోయినట్టే. బీరువాలోని నూటపన్నెండు కాగితాలను మాత్రం ఆ రోజే తీసి అతని చేతికిచ్చారు.

మరునాడు ఒంటిగంటకు అతను మగ్గం గదికి వెళ్ళాడు. తెర బయట నిలబడి జరిగింది చెప్పాడు. కాగితాలు గడప మీద పెట్టాడు. సూదులు టకటకలాడుతూనే ఉన్నాయి. కాసేపటికి తెర కిందనుంచి ఒక ముసలి చెయ్యి వచ్చి, కాగితాలను లోపలికి లాక్కుంది.

“మళ్ళీ మా చేత నిజం రాయించుకోవడానికి వచ్చావా బేటా?” అంది కుల్సుం.

“లేదు పెద్దమ్మా. చదవడానికి వచ్చాను. రాయమని అడగను.”

ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. పన్నెండు మంది ఉండే గదిలో నాలుగైదు సూదుల చప్పుడే ఉంది. కథలు ఆగాక మిగిలినవారు వేరే చోట పని వెతుక్కున్నారు. పాత కుర్చీ అక్కడే ఉంది. అతను కూర్చుని ఉప్పు యంత్రం కథ తెరిచాడు. చదవసాగాడు. ఎండ వరండా సగం దాకా వచ్చింది. సూదులు ఆగలేదు. సముద్రం కంకిపాడు దాకా వచ్చింది, ఆగలేదు. ఇక లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. గొంతు తనకే వినబడనంతగా సన్నబడింది.

అప్పుడు ఒక సూది ఆగింది. ఒక్కటే.

“వినబడటం లేదు,” అంది ముబీనా తెర వెనుకనుంచి. “గొంతు పెంచండి.”

అతను పెంచాడు. కళ్ళలో నీళ్ళు నిలిచి అక్షరాలు కనబడకపోతే, గుర్తున్నంత మేరకు చెప్పుకుపోయాడు. యంత్రం ఉప్పు తగ్గిన నీటిని తొలిసారి రుచి చూసే చోటికి వచ్చేసరికి రెండో సూది కూడా ఆగింది. మిగిలినవి ఆగలేదు. అవి ఇంకా చాలా రోజులు ఆగవని అతనికి తెలుసు.

కథ అయింది. తెర కాస్త తొలగింది. ముబీనా కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనుకనుంచి కుల్సుం గొంతు వినబడింది, ఇంకా కటువుగానే, ఎక్కడో ఒక మూల మెత్తబడి.

“జేబులో ఆ కవర్లేంటి బేటా?”

పంపని నాలుగు ఉత్తరాలవి. అతను తడబడుతూ, ముబీనా గారికి రాసినవని ఒప్పుకున్నాడు.

“వాటిని ఇంటికి పట్టుకుపో. కాగితం మీది మాటలు మాకు ఇక చాలు. రేపు ఒంటిగంటకు రా. అందులో ఉన్నది నోటితో చెప్పు. మా అమ్మాయి దాన్ని చదవదు. వింటుంది.”

ముబీనా తల వంచుకుని, ఆగిపోయిన సూదిలోకి దారం ఎక్కించసాగింది. మూడుసార్లు తప్పింది.

ఈ కథను చదివినవారికి, చదవలేక పరుల నోట విన్నవారికి, చేతులకు పని ఉండి చెవులు మాత్రమే ఇచ్చినవారికి, వాగ్దేవి ఒకే తూకాన శుభమిచ్చుగాక. నిజం రాసి ఓడినవారి వేలిముద్రలు చెరగకుండుగాక. తప్పు చేసినవానికి ఆ తలుపు ముందు మరునాడు ఒంటిగంట దాకా నిలబడే ధైర్యం కలుగుగాక. స్వస్తి.