గులాబీ కాగితం చుట్టిన గాజు దారాలు

“ఇత్తడి పలక ఎవరో ఎత్తుకపోయినారక్కా! సాయంత్రమే యంత్రానికి పరీక్ష. ఆరేండ్ల కష్టం మన్ను గలిసిపాయె!”

ప్రొద్దుటూరులో డిటెక్టివ్ తస్లీమా ఆఫీసుకు వస్తూనే జువేరియా కుర్చీలో కూలబడింది. ఆమె పులివెందులలో ఫిజిక్సు లెక్చరర్. మసక నక్షత్రాల వెలుగును టెలిస్కోపు నుంచి సన్నటి గాజు ఫైబర్లతో తెచ్చి రంగులుగా విడదీసే యంత్రం, స్పెక్ట్రోగ్రాఫ్, ఆమె స్వయంగా కట్టింది. ఫైబర్లను నిలబెట్టేది ఆ పలకే. తస్లీమా అసిస్టెంటు శాంసన్ అంతా అర్థమైనట్టు తల ఊపాడు. ఆ విద్య అతనికి బాగా వచ్చు.

పులివెందుల ల్యాబులో తాళం చెక్కుచెదరలేదు. పలకలోంచి తీసిన ఫైబర్లు బల్లమీద వరుసగా ఉన్నాయి, కొసలకు గులాబీ రంగు కాగితం చుట్టి. ఒక్కటి మాత్రం విడిగా ఉంది. తస్లీమా భూతద్దం పెట్టి దాని కొసన గీత చూపించింది.

“నిన్న ఈడికి ఎవరెవరు వచ్చినారు?”

“ఇద్దరే. కొసలు నునుపు చేసే రజిని, పలకకు రంధ్రాలు తొలిచిన కంసాలి గఫూర్ మామ. ఇద్దరి దగ్గరా తాళంచెవి ఉంది.”

రజినికి కుళ్లు, గీత ఆమె పనేనని శాంసన్ అప్పుడే తేల్చేశాడు. తస్లీమా ఇద్దరినీ పిలిపించింది.

“నామీదేనా అనుమానం?” రజిని భగ్గుమంది.

“కాదు. చెడగొట్టేవాళ్లు కొసలకు కాగితం చుట్టరు. గులాబీ కాగితంలో చుట్టేది నగలు. ఒక రంధ్రం అంచు గరుకుగా ఉండి ఫైబరు గీసుకుంది. అది చూసి తట్టుకోలేనిది తొలిచినోడే. గఫూర్ మామా, సంచిలోది తియ్యి.”

గఫూర్ పలక తీశాడు. ఆ అంచు ఇప్పుడు అద్దంలా నున్నగా ఉంది.

“నిన్న అది చూస్తానే పానం పోయినట్టాయెనమ్మా. ఆ పని నాదని చెప్పుకోను మొగం చెల్లలేదు. బాగుచేసి సాయంత్రంలోగా పెడదామనుకుంటి.”

“అడిగింటే నేనే ఇచ్చేదాన్ని కదా మామా!” జువేరియా కళ్లు తుడుచుకుంది. రజిని అప్పటికే గీత పడిన కొసను నునుపు చేస్తోంది. శాంసన్ సిగ్గుపడి ఆమెకు దీపం పట్టాడు.

ఆ సాయంత్రం చీకటి పడ్డాక జమ్మలమడుగు దగ్గరి గుట్టమీద, కంటికి ఆనని నక్షత్రాల వెలుగు తెరమీద రంగుల చారలై పరుచుకుంది. శాంసన్ ఛాతీ ఉప్పొంగిపోయింది. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన పలకను తిప్పి తిప్పి చూశాడు.

“ఏ దేశం నుంచి తెప్పించారమ్మా?”

జువేరియా వెనక నిలబడిన గఫూర్ చెయ్యి పట్టి ముందుకు తెచ్చింది. అతను తలెత్తాడు.

“మాది ప్రొద్దుటూరు సార్. ఆ పని నాదే.”