నాలుగంకెల తీగ

"నెమలిని ప్రాణాలతో పట్టుకురా. ఇది ఆర్డర్!" అన్నాడు చీఫ్.

"ప్రయత్నిస్తాను సార్," అన్నాడు ఏజెంట్ డేగ, పళ్లు బిగించి.

ఏడాదిగా అతని చెవిలో ఒకే గొంతు గింగురుమంటోంది. "0.308 తీగ కొయ్ డియర్! 0.31 కన్నా అదే పెద్దది." వైర్‌లెస్‌లో నెమలి చెప్పింది. నమ్మి కోసినవాడు డేగ బావ. అక్కకు శవం కూడా దక్కలేదు. నెమలి డబుల్ ఏజెంటని ఆ తర్వాతే బయటపడింది.

విదేశీ ముఠా బాంబులన్నిటికీ ఒకటే పద్ధతి. రెండు తీగలు, ఒక్కోదానికి ఒక సంఖ్య రాసిన బిళ్ల. పెద్ద సంఖ్య తీగ కోస్తే బాంబు చస్తుంది. చిన్నది కోస్తే కోసినవాడు చస్తాడు.

పట్టపగలు పదకొండు యాభై తొమ్మిది. లిఫ్ట్ మెకానిక్ వేషంలో డేగ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ మెషిన్ రూమ్‌లోకి దూరాడు. పట్టుచీరలో నెమలి, అప్పుడే టైమర్ నొక్కి లేస్తోంది. క్లిక్! ఆమె చేతికీ బాంబు పిడికీ కలిపి బేడీ పడింది.

"ఇప్పుడు చెప్పవే అబద్ధం! ఏ తీగ?"

బిళ్లల మీద 0.4096, 0.41.

"0.4096!" కెవ్వుమంది నెమలి. "నాలుగు వేల తొంభై ఆరెక్కడ, నలభై ఒకటెక్కడ? కొయ్యి, నీ కాళ్లు పట్టుకుంటా!"

డేగ ఆమె కళ్లలోకి చూశాడు. ఆ చావుభయం నటన కాదు. అంటే ఆ రోజూ ఇది అబద్ధమాడలేదు. దీనికి నిజంగానే లెక్క రాదు! పగ చల్లారకపోగా భగ్గుమంది.

"రెండింటినీ పదివేలతో గుణించి చూడు. చుక్క నాలుగు స్థానాలు కుడికి జరుగుతుంది. ఇది 4096. అది 4100. ఇప్పుడేది పెద్దది?"

డేగ పెన్నులో దాచిన కట్టర్ టప్పుమంది. 0.41 తెగింది. టైమర్ ఒక్క సెకను దగ్గర ఆగింది.

"థాంక్స్ డియర్..."

"ఆగాగు." డేగ ఆమె లిప్‌స్టిక్ ట్రాన్స్‌మిటర్ లాక్కుని ముఠాకు మెసేజ్ కొట్టాడు. "సరైన తీగ మీ నెమలే చూపించింది."

నెమలి రెండో చేత్తో అతని చొక్కా పట్టుకుంది. "వాళ్లు నన్ను ముక్కలు చేస్తారు! జైల్లో పెట్టు బాబూ, నీకు పుణ్యముంటుంది!"

"రెండు సెల్స్ ఖాళీ. ఒకదాని ఉక్కు తలుపు మందం 0.25 అడుగు, రెండోదానిది 0.5. ఏది కావాలి?"

నెమలి వేలితో గాలిలో అంకెలు వేసుకుంది. "వందతో గుణిస్తే... ఇరవై అయిదు... యాభై... రెండోది!"

"లెక్క ఎంత తొందరగా వచ్చేసిందో!" డేగ బాంబు పిడి నుంచి బేడీ విప్పి ఆమెను తలుపు వైపు నెట్టాడు. "ఈ పాఠానికి ఫీజు మా బావ ముందే కట్టాడులే, నడు."