గీత అవతలే ఆగు

తెల్లటి జావెలిన్ మీద ఎర్ర స్టిక్కర్ పడింది.

"ఇదేంటి?" అన్నాడతను.

"రిజెక్టెడ్. బరువు తక్కువుంది. ఇది గ్రౌండ్‌లోకి రాదు," అంది కౌంటర్ వెనకున్న అమ్మాయి.

అంతర్జాతీయ జూనియర్ అథ్లెటిక్స్. పోటీ మధ్యాహ్నమే. అతనికి పంతొమ్మిది నిండాయి, వచ్చే ఏడాదికి జూనియర్ కాడు. ఉన్నది ఈ ఒక్క అవకాశమే. అది కాస్తా ఓ స్టిక్కర్ ముక్క కింద నలిగిపోతోంది.

ఆవేశంగా ముందుకు అడుగేశాడు. ఆమె అరచెయ్యి ట్రాఫిక్ పోలీసు చెయ్యిలా గాల్లోకి లేచింది.

"గీత అవతలే ఆగండి."

కిందకి చూశాడు. నేల మీద పసుపు గీత. తూకాలూ కొలతలూ జరిగే ఆ గదిలో ఆటగాళ్లు దాన్ని దాటకూడదు.

"నిన్నటి కోపం దీని మీద తీర్చుకుంటున్నారా?"

నిన్న కారిడార్‌లో అతను జావెలిన్ ట్యూబ్ భుజాన వేసుకుని గిర్రున వెనక్కి తిరిగాడు. ట్యూబ్ కొన ఆమె చేతిలో కప్పుకి తగిలింది. కాఫీ మొత్తం ఆమె తెల్ల చొక్కా మీదే. సారీ చెప్పబోయాడు కానీ ఆమె చూసిన చూపుకి ఒళ్లు మండింది. "మహాతల్లికి కళ్లు నెత్తి మీదున్నాయి," అని గొణిగాడు. ఈ విదేశీ గుంపులో మన భాష ఎవరికి అర్థమవుతుందిలే అన్న ధీమా.

"నెత్తి మీదున్నా మీ ట్యూబ్ బాగానే కనిపించింది. మీకే వెనక కళ్లు లేవు," అందామె అదే భాషలో.

అతను అక్కడికక్కడే సగం చచ్చాడు. మిగతా సగం ఇప్పుడు చస్తున్నాడు.

"మళ్లీ తూచమ్మా, నీకు పుణ్యముంటుంది," అన్నాడు వెనక నుంచి బాబాయ్. అతనికి కోచ్, వంటవాడు, అలారం గడియారం అన్నీ ఆయనే.

ఆమె మళ్లీ తూచింది. అదే అంకె. జావెలిన్ మొనని వేలితో తడిమింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"దీన్ని ఎవరు అరగదీశారు?"

బాబాయ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. జేబులోంచి మెల్లగా ఓ చిన్న ఆకురాయి బయటికొచ్చింది.

"మొన సరిగ్గా నేలలో గుచ్చుకోవాలని... ప్రతి మీట్ ముందూ కాస్త... ముద్దుగా... అలా రాసేవాణ్నిరా."

"ముద్దుగా రాసి రాసి బరువంతా మింగేశావా బాబాయ్!" అతను బాబాయ్ వైపు తిరిగాడు. "అంటే ఇన్నాళ్లూ నేను విసిరింది తేలిక జావెలినా? నా దూరాలన్నీ దొంగవేనా?"

"కాదు." ఆమె గొంతు మొదటిసారి మెత్తబడింది. "పోయిన మీట్‌లో పాసైన గుర్తు దీని మీదుంది. అప్పటికి బరువు సరిపోయింది. మీ దూరాలు మీవే."

"ఇప్పుడు దేంతో విసరాలి?"

ఆమె తలుపు పక్కనున్న స్టాండ్ చూపించింది. రంగురంగుల జావెలిన్లు. "ఈ గదిలో పాసై ఆ స్టాండ్‌లోకి చేరాక ఏదీ ఎవరి సొంతమూ కాదు. ఎవరిదైనా ఎవరైనా తీసుకోవచ్చు. అదే రూలు."

"ఏది మంచిది?"

"నేను చెప్పకూడదు."

"పోనీ ఓ కనుసైగ?"

"కళ్లు నెత్తి మీదున్నాయిగా. సైగ చేస్తే మీకు కనిపించదు."

మధ్యాహ్నం సన్నటి జల్లు మొదలైంది.

మొదటిసారి అతను విసిరిన జావెలిన్ తోకతో నేలని తాకింది. ఎర్ర జెండా లేచింది, అంటే ఆ త్రో లెక్కలోకి రాదు. రెండోది బద్ధకంగా దగ్గర్లోనే పడింది. మూడో త్రో అయ్యేసరికి మొదటి ఎనిమిది మందిలో లేకపోతే సామాను సర్దుకోవాల్సిందే. అతను పదో స్థానంలో ఉన్నాడు.

తలెత్తి చూశాడు. దూరంగా పచ్చికలో ఆమె! జావెలిన్ పడిన చోట గుర్తు గుచ్చే డ్యూటీ. ఉదయం తూకం, మధ్యాహ్నం కొలత. ఈ పిల్ల తనని వదిలేలా లేదు.

స్టాండ్‌లో నీలం జావెలిన్ కనిపించింది. అది అందరికంటే ముందున్న పొడుగు కుర్రాడిది. బాబాయ్ వాడికి జిరాఫీ అని పేరు పెట్టాడు. ప్రత్యర్థి ఆయుధంతో వాడి మీదకే వెళ్లడమా? అతని చెయ్యి ఆగింది.

ఏదీ ఎవరి సొంతమూ కాదు.

జిరాఫీ వైపు చూశాడు. వాడు నవ్వి, తీసుకో అన్నట్టు తలూపాడు.

పరుగు. ఎడమ కాలు ఊతం. చెయ్యి కొరడాలా కదిలింది.

నీలం జావెలిన్ వానని చీల్చుకుంటూ లేచింది. లేచి, కిందకి దిగడం మర్చిపోయినట్టు పోతూనే ఉంది. ఆమె నిలబడింది జిరాఫీ గుర్తుకి ఇంకాస్త అవతల. అంత దూరం ఎవరూ విసరరన్న నమ్మకం. నెత్తి మీదకి వస్తున్న నీలం గీతని చూసి పక్కకి దూకింది. తడి పచ్చిక. కాలు జారింది.

స్టేడియం మొత్తం ఒక్కసారిగా కేక పెట్టింది.

జావెలిన్ నేలలో దిగి ఊగుతోంది. దాని పక్కనే ఆమె పడి ఉంది. కదలడం లేదు.

అతనికిక పోటీ లేదు, పతకం లేదు. కాళ్లు వాటంతటవే ఆమె వైపు పరిగెత్తాయి.

అప్పుడు పచ్చికలోంచి ఓ అరచెయ్యి లేచింది. నిటారుగా, ట్రాఫిక్ పోలీసు చెయ్యిలా.

ఆగు!

కిందకి చూశాడు. బూటు ముందు వెంట్రుకవాసిలో తెల్ల గీత. విసిరినవాడు దాని మీద కాలు పెడితే ఎంత గొప్ప త్రో అయినా ఫౌలే. చేతులు గాల్లో తెడ్లలా తిప్పాడు. ఒళ్లు ముందుకే తూలుతోంది.

"వెనక్కి పడరా! వెనక్కి పడి చావు!" గ్యాలరీలోంచి బాబాయ్ గావుకేక.

వెనక్కే పడ్డాడు. వెల్లకిలా, ముఖం నిండా వాన. తల తిప్పి చూస్తే ఆమె లేచి నిలబడి గుర్తు గుచ్చుతోంది. తెల్ల జెండా లేచింది. అతను మొదటి స్థానంలో ఉన్నాడు.

ఆఖరి త్రోలో జిరాఫీ అదే నీలం జావెలిన్‌తో అతన్ని కాస్తలో దాటేశాడు. వెండి పతకం. అతను ఓడినట్టే లేడు. ఇద్దరూ ఒకరి మెడ మీద ఒకరు చేతులేసుకుని ఫొటో దిగారు.

సాయంత్రం రిజెక్టయిన జావెలిన్ తీసుకోవడానికి మళ్లీ ఆ గదికి వెళ్లారు. ఆమె చొక్కాకి ఈసారి పచ్చిక మరకలు.

"మీకు దెబ్బేమీ..."

"రెండు రోజుల్లో రెండు చొక్కాలు. రెండూ నీ వల్లే."

అతను ఉలిక్కిపడ్డాడు. "నువ్వు అంటున్నారేంటి?"

"నాకోసం పతకం వదులుకోబోయినవాణ్ని మీరు అనమంటావా?"

అతను ఉన్నమాట చెప్పేశాడు. "ఎంత దూరం పడిందో నేను చూడలేదు. నిన్నే చూశాను. నువ్వు కదలకపోయేసరికి..."

"తెలుసు. నేను పడీపడగానే నీ కాళ్లే చూశాను." ఆమె తల దించుకుంది. "నాకు దెబ్బ తగిలిందా లేదా అని తర్వాత చూసుకున్నాను."

బాబాయ్ గోడ మీద లేని గడియారం వైపు చూస్తున్నాడు.

ఆమె డ్రాయరు లాగి ఆకుపచ్చ స్టిక్కర్ తీసింది. కౌంటర్ మీదుగా వంగి అతని జాకెట్‌కి అంటించింది, సరిగ్గా గుండె మీద.

"పాస్."

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "పాసైతే స్టాండ్‌లో పెట్టాలిగా అమ్మాయ్? ఎవరైనా తీసుకోవచ్చన్నావు."

"ఇది స్టాండ్‌లోకి వెళ్లదు బాబాయ్‌గారూ."

ఆ పిలుపుకి ఆయన చేతిలో ఆకురాయి ఠంగుమని జారిపడింది. వంగి తీసుకుని, ఓ క్షణం దాన్ని చూసి, చెత్తబుట్టలో పడేశాడు. "నేను... వాన తగ్గిందేమో చూసొస్తా," అని బయటికి నడిచాడు.

ఆమె లోపల బల్ల మీద రెండు కప్పుల్లో కాఫీ పోసింది. అతను అక్కడే నిలబడ్డాడు, బూట్లు పసుపు గీత అంచున పెట్టుకుని.

"చల్లారిపోతుంది. రావేం?"

"గీత ఉందిగా."

ఆమె అరచెయ్యి మళ్లీ లేచింది. ఈసారి మెల్లగా తిరిగి, వేళ్లు అతని వైపు చాచింది.

"దాటు."