అతుక్కి ఎక్కని తొడుగు

"మా అబ్బాయి క్రాంతి ఇంటర్నెట్ కేబుల్ నరికేడని స్టేషన్లో పెట్టేరండి. మా ఆయన కొబ్బరి దింపే కత్తిని పోలీసులు పట్టుకుపోయేరు. రేపు కోర్టుకంట," అంది సువార్తమ్మ.

డిటెక్టివ్ ఉమాదేవికి ఒళ్ళు మండింది. ఆ కత్తే సాక్ష్యమైతే కోనసీమలో సగం మందిని జైల్లో వెయ్యాలి. సహాయకుడు నాగసతీష్ బండి తాళం తీశాడు. మేడమ్‌కి కోపమొస్తే కేసు తేలినట్టేనని అతని నమ్మకం.

అంబాజీపేటలో ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే హరిబాబు, క్రాంతికుమార్‌ని పనిలోంచి తీసేసి బావమరిది సాయిబాబుని పెట్టుకున్నాడు. ఆ కక్షతోనే క్రాంతి నరికాడని ఆయన ఫిర్యాదు.

"తెగకముందు స్తంభం మీద కేబుల్ అతికిందెవరు?" హరిబాబు షెడ్డుకి వెళ్ళి అడిగింది ఉమాదేవి.

"నేనేనండి. పోగులన్నీ నేనే అతికి డబ్బాలో పెట్టేను. క్రాంతి ఆ డబ్బా పక్కనే నరికేడు," అన్నాడు సాయిబాబు గొప్పగా.

"ఆ డబ్బా ఏది?"

"పారేసి కొత్తది పెట్టేనండి."

"నరికింది బయట కదా. డబ్బా ఎందుకు మార్చావు?"

నాగసతీష్ షెడ్డు వెనక చెత్తలోంచి డబ్బా వెతికి తెచ్చాడు. మూత తీసి చూసిన ఉమాదేవి, ఎస్సై, సువార్తమ్మలతో సహా అందరినీ పిలిపించింది.

"ఇవి వెంట్రుకంత గాజు పోగులు. మిషన్ రెండు కొసల్నీ కరిగించి అతుకుతుంది. అయితే అతికే ముందే ఒక పోగుకి చిన్న తొడుగు ఎక్కించుకోవాలి. తర్వాత దాన్ని అతుకు మీదకి జరిపి వేడి చేస్తే బిగుసుకుని, అతుకు విరక్కుండా కాపాడుతుంది. ముందు మరిచిపోతే, విరిచి మళ్ళీ అతకాల్సిందే. సాయిబాబు మరిచిపోయాడు. బద్ధకించి టేపు చుట్టాడు. చూడండి, ఒక్క తొడుగూ లేదు, అతుకులన్నీ విరిగాయి. బయట కత్తి పడితే లోపల ఒక్క అతుకులే ఎలా విరుగుతాయి? కేబుల్ తెగకముందే నెట్ పోయింది. బావ తిడతాడని తనే కేబుల్ నరికి, క్రాంతి మీదకి తోశాడు."

"మర్చిపోయేనండి," గొణిగాడు సాయిబాబు.

"మరిచిపోతే మరిచిపోయావు. దానికి పరాయి బిడ్డని లాకప్‌లో పెట్టిస్తావా?" కసిరింది ఉమాదేవి.

క్రాంతిని వదిలెయ్యమని ఎస్సై స్టేషన్‌కి ఫోన్ చేశాడు. హరిబాబు గొంతు సవరించుకున్నాడు.

"అయిందేదో అయిపోయింది సువార్తమ్మా. అబ్బాయిని రేపట్నుంచి పనిలోకి రమ్మను."

"వాడు రాడండి. మీరే మా పేటకి రండి. వాణ్ణి నడివీధిలో దొంగన్నేరు కదా. అక్కడే నిలబడి, కాదని అందరికీ చెప్పండి."

హరిబాబు ఎస్సై వైపు చూశాడు. ఎస్సై జీపు తలుపు తీసి, "ఎక్కండి," అన్నాడు.